పదిహేడు మే డెబ్బై మూడు

24 అక్టోబర్ 2025, శుక్రవారం

నిన్న దోహా చేరాను. ఊళ్ళో అందరూ ధైర్యం చెప్పి పంపారు. "దుబాయ్‌ల ఒక్కనివి ఎట్లుంటవురా" అన్నారు. ఇది ఖతర్ అని చెప్పడం ఎప్పుడో మానేశాను.

ఫ్లాటు అలాగే ఉంది. మా అల్ సద్ పేట దుమ్ముకి తాళంతో పనిలేదు, లోపలికి వచ్చి కూర్చుంది.

స్వర్ణ ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టాను. ఎందుకో తెలియదు. పెట్టగానే ఐదారు వారాల సందేశాలు ఒక్కసారిగా మోగాయి. దండం పెట్టే చేతులు, పూలు, దీపాలు, మళ్ళీ చేతులు. వాటి మధ్యలో రాజేశం రాసింది: "మేడం ఆత్మకు శాంతి కలుగాలె. నా జవాబు: రాజేశం."

25 అక్టోబర్

ఈ డైరీ రాయమని ఎవరూ చెప్పలేదు. ఆఫీసులో ఇచ్చింది, అక్టోబర్ దాకా ఖాళీగా ఉంది. వృథా ఎందుకని.

31 అక్టోబర్, శుక్రవారం

స్వర్ణ వాట్సాప్ గుంపులో ఈ వారం కూడా అడిగారు: "లెక్క ఏది?" అడిగినవాడికి సంగతి తెలియదు. సెలవు మీద వెళ్ళి వచ్చాడు. పక్కవాళ్ళు చెప్పారు. పాపం, వాడూ చేతులు పెట్టాడు.

తొమ్మిదేళ్ళు. ప్రతి శుక్రవారం ఒక లెక్క. స్కూల్లో తను లెక్కలు చెప్పే పిల్లల కోసమని గుంపు మొదలుపెట్టింది. పిల్లలు మానేశారు. వాళ్ళ ఇళ్ళ డ్రైవర్లు, వంటవాళ్ళు, వాళ్ళ చుట్టాలు, ఆ చుట్టాల లేబర్ క్యాంపులు చేరాయి. గెలిచినవాళ్ళకి గోంగూర పచ్చడి. ఒక సీసా పచ్చడి కోసం పరంజా కట్టే మనుషులు గాస్ పుట్టినరోజు నేర్చుకున్నారు.

గణిత శాస్త్రజ్ఞుల గురించి పక్కింటి వాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేది. "గాస్ పుట్టింది 1777లో. ప్రధాన సంఖ్య. మంచి సంవత్సరం చూసుకుని పుట్టాడు. గాల్వా 1811, అదీ ప్రధాన సంఖ్యే. అయినా ఇరవై ఏళ్ళకే తుపాకీ దెబ్బకి పోయాడు. కాబట్టి మీరెవరూ పొంగిపోకండి."

నేనూ గుంపులో ఉన్నాను. తనే చేర్చింది. ఒక్కసారి కూడా జవాబు రాయలేదు. నాకు లెక్కలు పడవు.

సాయంత్రం రాజేశం ఫోన్ చేశాడు. మా జగిత్యాల వైపు మనిషే. పరంజా పని.

"సార్, మంచిగున్నరా?"

"ఉన్నాను."

"తింటున్నరా?"

"తింటున్నాను."

"ఐతే మేడం ఆఖరి లెక్క జవాబు ఎప్పుడు చెప్తరు?"

తెలియదన్నాను.

"మీకు చెప్పకుంట మేడం లెక్క పెడ్తదా సార్? సరే, గది ఇడిశిపెట్టున్రి. ఒక్క ముచ్చట. ఒకటి ప్రైమా, కాదా?"

"కాదు."

"ఎందుకు కాదు? మేడమే చెప్పింది. ఎంతమందికి పంచినా సమానంగ రావద్దు, ఒక్కడే మొత్తం తినాలె, లేకుంటే తలా ఒకటి తీసుకోవాలె, గప్పుడే ప్రైమ్ అని. ఒకటిని ఎవలకు పంచుతం సార్? పాపం, గది ఎవల సొమ్ము తిన్నది? నా ఐడీల ఒకటి, ఏడు, పంతొమ్మిది వందల ఎనభై ఏడు. ఏడు ప్రైమ్. ఎనభై ఏడో సంవత్సరం ప్రైమ్. ఒక్క ఒకటి కాడ ఆగిపోయిన."

ఈ కేసు స్వర్ణ దగ్గర రెండేళ్ళు నడిచింది. ఇప్పుడు నా కోర్టుకి వచ్చింది.

2 నవంబర్

ఆఖరి లెక్క ఇది. సెప్టెంబర్ 12న, ఆస్పత్రి మంచం మీద నుంచి పెట్టింది.

"హార్డీ పుట్టింది 7-2-1877. తేదీ, నెల, సంవత్సరం, మూడూ ప్రధాన సంఖ్యలే. మన గుంపులోనూ అలాంటి మనిషి ఉన్నారు. ఒక్కరే. ఎవరు?"

జనవరిలో అందరి పుట్టినరోజులూ గుంపులో రాయించింది. సగం మంది జూలై ఒకటి. "లైబ్నిట్జ్ కూడా జూలై ఒకటినే పుట్టాడు. క్యాంపు క్యాంపంతా ఆయనకి తోడబుట్టినవాళ్ళే" అని నవ్వింది. నాది అడిగితే చెప్పలేదు. నా పుట్టినరోజుతో వీళ్ళకేం పని అన్నాను.

తరవాతి శుక్రవారం జవాబు చెప్పాలి. తరవాతి శుక్రవారం లేదు.

7 నవంబర్, శుక్రవారం

సురేందర్ వచ్చాడు. తెలుగు గణిత మిత్రమండలి అధ్యక్షుడు. ఇన్సూరెన్స్ అమ్ముతాడు. ఇంగ్లీషులో పేరుకి ఒక హెచ్, ఇంకో ఆర్ తగిలించుకున్నాడు, కలిసి వస్తుందని. జ్యోతిష్కుడు చెప్పాడని రెండేళ్ళ కిందట పుట్టినరోజు కూడా మార్చుకున్నాడు. కొత్త రోజున కేకు కోశాడు. వెళ్ళి తిన్నాం.

ఆపిల్ పళ్ళు తెచ్చాడు. కుర్చీలో కూర్చుని స్వర్ణ ఫోటో వైపు చూసి, గడియారం వైపు చూశాడు.

"మారుతన్నా, రామానుజన్ జయంతి సోమవారం పడ్డది. అందుకే డిసెంబర్ పంతొమ్మిది శుక్రవారం నాడే సభ. ఈ సారి వదిన పేరు మీద చేస్తున్నం. స్వర్ణ స్మారక అంకెల పోటీ. మొదట వదిన ఆఖరి లెక్క జవాబు చెప్పి, పోటీ మొదలువెడ్తం. గుంపు గూడ ఇక మండలే నడుపుతది."

మంచిదన్నాను.

ఇదే సురేందర్ మూడేళ్ళ కిందట మైకు పట్టుకుని తొంభై ఒకటి ప్రధాన సంఖ్య అన్నాడు. మూడో వరసలోంచి స్వర్ణ "ఏడు పదమూళ్ళు" అంది. గట్టిగా కూడా అనలేదు. హాలంతా వినిపించింది. ఆ తరవాత అతను వదినా అని పిలిచినప్పుడల్లా పళ్ళ మధ్య ఏదో ఇరుక్కున్నట్టు ఉండేది.

ఆపిల్ పళ్ళు బాగానే ఉన్నాయి.

9 నవంబర్

ఆఖరి లెక్కకి జవాబు నాకు తెలుసు. రాజేశంతో అబద్ధం ఆడాను.

ఆస్పత్రిలో లెక్క పెట్టిన రోజున చెప్పింది. "ఈ వారం షబానా అండీ. ఎవరికీ చెప్పకండి." బాగా నవ్వింది. నవ్వితే నొప్పి వచ్చేది.

షబానా కడప అమ్మాయి. అమ్మాయి అంటే నలభై దాటాయి. ఒక ఇంట్లో వంట. గుంపులో రాసిన తేదీ చూశాను: 23-5-1981.

ఇరవై మూడు, సరే. అయిదు, సరే. 1981 మూడుతో పోదు, అంకెలు కలిపితే పంతొమ్మిది. అయిదుతో పోదు. పదకొండుతో పోదు. పదమూడుతో పోదు. చాలు. నూట నలభై మంది రెండు నెలలుగా కొట్టుకుంటున్నారు, ఇంత సులభం. సురేందర్ బుర్రకి తట్టదు. సభలో ఎవరికీ తట్టకపోతే నేనే చెబుతాను. లేవాల్సిన అవసరం కూడా లేదు, కూర్చునే చెప్పొచ్చు.

10 నవంబర్

ఏడుతో చూడలేదు.

11 నవంబర్

283. శేషం లేదు.

ఆఫీసు కాలిక్యులేటర్ పాతది.

12 నవంబర్

ఫోన్లో చేశాను. కాగితం మీద చేశాను. ఆఫీసులో పక్క సీటు కామ్రాన్‌ని అడిగాను. లాహోర్ మనిషి, కొలతల్లో గట్టివాడు. "టూ ఎయిటీ త్రీ, మారుతీ భాయ్. క్యోం?" అన్నాడు. ఊరికే అన్నాను.

ఆ మందులు ఏనుగునైనా పడుకోబెడతాయని డాక్టరే చెప్పాడు.

14 నవంబర్, శుక్రవారం

సురేందర్ ఫోన్.

"మారుతన్నా, మా బావమరిది అన్ని పుట్టినరోజులు కంప్యూటర్ల ఏసి చూసిండు. ఒక్కటి గూడ కలుస్తలేదు. ఒకామెది కొంచెంల తప్పింది. అంటే లెక్కల్నే తప్పున్నది."

ఫోన్ రెండో చెవికి మార్చాను.

"వదినకు అప్పుడు పానం బాగలేదు గద. మనం అర్థం చేసుకోవాలె. సభల అదే చెప్తం. అనారోగ్యం వల్ల లెక్క తప్పింది, పెద్ద మనసుతోని రద్దు చేస్తున్నం అని."

పెద్ద మనసు అతనిది. తప్పు స్వర్ణది. మైకు కూడా అతనిదే.

చెప్పుకోనీ. తొమ్మిదేళ్ళలో ఒక్క లెక్క. నాకేం.

15 నవంబర్

నాకేం.

21 నవంబర్, శుక్రవారం

బాలవ్వక్కకి ఫోన్ చేశాను. నాకంటే అయిదేళ్ళు పెద్దది.

"అక్కా, నేనెప్పుడు పుట్టిన?"

"ఏమాయెరా? పానం బాగలేదా?"

"బాగనే ఉన్న. ఊరికె."

"దుబాయ్‌ల పొద్దు పోతలేదు నీకు. పెండ్లం పోయినోనికి పుట్టినరోజెందుకురా?" కాసేపు ఏడ్చింది. తరవాత మామూలుగా చెప్పింది. "రైళ్ళు బందైన ఏడు పుట్టినవ్. బాపు కాజీపేట కాడ చిక్కుకపోయిండు. నువ్వు పుట్టిన వారానికి లారెక్కి వచ్చిండు. ఎండ మండిపోతుండె."

రైల్వే సమ్మె. మే 1974.

"పంతులు జూలై ఒకటి రాసిండు నీకు. నాగ్గూడ జూలై ఒకటే. ఊరందరికి గదే. నీది ఏడు మాత్రం సరిగ్గ రాసిండు, ఎట్ల రాసిండో మరి."

ఆ పంతులు జీవితంలో నిజం రాసింది నాకొక్కడికే. ఆ నిజం రెండుతో పోతుంది, మూడుతో పోతుంది, ఏడుతో కూడా పోతుంది. 1974 ఎవరితోనైనా పోతుంది.

28 నవంబర్, శుక్రవారం

నజ్మా బజారుకి వెళ్ళాను. ఇంట్లో పాలు లేవు. అల్ సద్‌లోనూ పాలు దొరుకుతాయి.

టీ కొట్టు బయట రాజేశం, ఆదెప్ప కూర్చుని ఉన్నారు. ఆదెప్పది అనంతపురం. షబానా పనిచేసే ఇంట్లోనే డ్రైవరు. షబానా కారు వెనక సీట్లో, తలుపు తెరిచి, ఒళ్ళో సరుకుల సంచీ పెట్టుకుని ఉంది. నన్ను చూసి ముగ్గురూ లేవబోయారు. కూర్చోమన్నాను.

మాట లెక్క మీదికి పోయింది. వేరే దేని మీదికి పోతుంది.

"మా ఊర్లో అయివారు ఒకే చేత్తో నలభై మందిని జూన్ ఒకటిన పుట్టిచ్చినాడు సార్" అన్నాడు ఆదెప్ప. "బ్రహ్మకి గూడా అంత చాతగాదు."

"నన్ను ఏజెంట్ పుట్టిచ్చిండు" అన్నాడు రాజేశం. "నీ వయసు ముదిరింది, కంపెనీ తీసుకోదు, నాలుగేండ్లు తక్కువ రాస్త అన్నడు."

"అంటే నీది 1987 కాదా?"

"కాదు సార్. ఎనభై రెండో, మూడో."

"మరి రెండేళ్ళు ఆ తేదీ పట్టుకుని మేడంతో కొట్లాడావు."

"ఐడీల ఉన్నదే గద సార్ పుట్టినరోజు. తీస్కపోయేటందుకు మన కాడ ఇంకోటి ఏమున్నది?"

ఆదెప్ప నవ్వాడు. "నీకు ఏజెంట్ నాయన, నాకు అయివారు నాయన. కన్నోళ్ళు ఊరికే పేరుకి."

"నాది మాత్రం నిజం" అంది షబానా కారులోంచి. "ఇరవై మూడు, అయిదు, ఎనభై ఒకటి. కడప పెద్దాసుపత్రిలో పుట్టినా. మా నాయన బొగ్గుతో గోడ మీద రాసి పెట్టినాడు. సున్నం ఏసినా మళ్ళా రాసేటోడు."

చెప్పి నా ముఖం వైపే చూస్తూ ఉంది. టీ చల్లారిపోతోందని నేను గ్లాసులోకి చూశాను.

వచ్చేటప్పుడు పాలు మరిచిపోయాను.

5 డిసెంబర్, శుక్రవారం

సురేందర్ ఆఫీసుకి వెళ్ళాను. ఇంతకుముందు ఎన్నడూ వెళ్ళలేదు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఆ లెక్క సంగతి వదిలేయమన్నాను. పోటీ పెట్టుకో, ఫోటో పెట్టుకో, గుంపు తీసుకో. ఆ ఒక్క మాట మైకులో అనొద్దు.

"అన్నా, నాకు వదిన మీద ఎంత గౌరవమో మీకు తెలుసు. కాని తప్పును తప్పు అనకపోతే లెక్కల సంఘం ఎందుకు?"

అతని జీవితంలో మొదటిసారి సరైన మాట అన్నాడు. అదీ ఇప్పుడు.

అడగడం ఇదే ఆఖరు. ఆ టీలో చక్కెర ఎక్కువ.

6 డిసెంబర్

అక్కకి మళ్ళీ ఫోన్ చేశాను. ఎవరన్నా అడిగితే నేను డెబ్బై మూడులో పుట్టానని చెప్పమన్నాను.

"ఎందుకురా, పింఛన్‌కా?"

"అట్లాంటిదే."

"ఒక్క ఏడుతోని ఏమొస్తదిరా? జరిపేది జరుపుతున్నవ్, ఓ పదేండ్లు ఎనుకకు జరుపు."

మా ఊళ్ళో పుట్టినరోజు మార్చడానికి ఇంకో కారణం ఎవరికీ తెలియదు.

12 డిసెంబర్, శుక్రవారం

3-7-1973. 5-5-1973. 29-7-1973. బట్టల కొట్లో చొక్కాలు చూస్తున్నట్టు ఉంది.

నెల మే ఉంచాను. అది అమ్మది. అంతమాత్రం నిజం ఉంటే నోరు తడబడదు.

17-5-1973. ఏడుతో చూశాను. అన్నిటితోనూ చూశాను. నలభై మూడు దాకా చూస్తే చాలు, స్వర్ణ చెప్పేది. నేను వందకి పైగా చూశాను.

ఇది తన కోసం కాదు. సురేందర్ ముఖం చూడాలని.

19 డిసెంబర్, శుక్రవారం

సభ నజ్మాలో, హోటల్ పైన హాలు. కింద నుంచి మాంసం కూర వాసన. నిన్న ఖతర్ జాతీయ దినోత్సవం, సగం మంది ఇంకా మెరూన్ కండువాల్లోనే ఉన్నారు. వేదిక మీద బ్యానరు. స్వర్ణ ఫోటో వీసా కోసం తీయించింది, పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉంది. కింద "ప్రధాన సంఖ్యల మహారాణి". తను చూసి ఉంటే ఆ బ్యానరు అద్దె ఎంతని అడిగేది.

సురేందర్ రామానుజన్‌తో మొదలుపెట్టి, సున్నా మీదుగా, తన ఇన్సూరెన్స్ మీదుగా లెక్క దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తే మైకుకి కూడా భయం.

"మన స్వర్ణ వదిన ఆఖరి లెక్క... నూట నలభై పుట్టినరోజులు పరిశీలించినం. బాధతోని చెప్తున్న. జవాబు లేదు. అనారోగ్యం వల్ల..."

లేచాను. కూర్చునే చెప్పొచ్చనుకున్నది పొరపాటు. కాళ్ళు ముందే లేచాయి.

"జవాబు ఉంది."

"ఎవరు అన్నా?"

"నేను."

హాలు వెనక్కి తిరిగింది. సురేందర్ నవ్వాడు, పిల్లవాడితో నవ్వినట్టు.

"అన్నా, మీ ఇన్సూరెన్స్ చేసింది నేనే. మీ ఐడీ నాకు నోటికొస్తది. ఒకటి, ఏడు, డెబ్బై నాలుగు."

"అది పంతులు రాసింది. నేను పుట్టింది పదిహేడు మే డెబ్బై మూడు. జనవరిలో అందరూ చెప్పారు, నేను గుంపులో చెప్పలేదు. తనకి తెలుసు. అందుకే పెట్టింది."

"మరి సాక్ష్యం?"

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను ఇంట్లో అనుకుని వచ్చింది కాదు.

"ఈ హాల్లో ఐడీలో ఉన్న రోజునే పుట్టినవాళ్ళు చేతులెత్తండి."

ముందు దోహాలో పుట్టిన ఇద్దరు పిల్లలు ఎత్తారు, వాళ్ళ అమ్మ దించేసింది. తరవాత ఎక్కడో ఒక నవ్వు. తరవాత వరస వరసంతా. షబానా చెయ్యి సగం లేచింది. ఆగింది. ఒళ్ళోకి దిగింది.

"నువ్వు ఎత్తు అధ్యక్షా!" అని అరిచారెవరో. సురేందర్ చెయ్యి మైకు మీదే ఉంది.

"జవాబు సారే!" ఆదెప్ప కుర్చీ ఎక్కాడు. "ఇంట్లోనే పెట్టుకోని ఊరంతా ఎదికిచ్చినాది చూడప్పా మేడం!"

రాజేశం: "నేను రాసుకున్న నూట నలభై పుట్టినరోజులల్ల సార్ పేరే లేకపాయె. మోసం!" అంటూనే చప్పట్లు.

సురేందర్ కూడా కొట్టాల్సి వచ్చింది. రెండు చేతులూ కలిశాయి కానీ శబ్దం రాలేదు. ఆ ముఖం చూడాలనే కదా వెళ్ళాను. చూశాను. రెండు నిమిషాల పని, ఇంతకీ.

అందరికంటే గట్టిగా కొట్టింది షబానా.

20 డిసెంబర్

పొద్దున్నే రాజేశం సందేశం. "సార్, మా అవ్వకు ఫోన్ చేసిన. నేను పుట్టింది రెండు, మూడు, ఎనభై ఏడట. అవ్వకు ఇప్పుడు యాదికొచ్చింది."

మధ్యాహ్నానికి ఆదెప్ప 1979లో, నవంబర్ పదకొండున పుట్టాడు. ఇద్దరు అన్నదమ్ములు మూడు నెలల తేడాతో పుట్టారు. సాయంత్రానికి ప్రధానంగా పుట్టినవాళ్ళు పన్నెండు మంది. లెక్కలో "ఒక్కరే" అని ఉంది. నేను నిలబెట్టినదాన్ని వీళ్ళు ఒక్క రోజులో కూలగొట్టేలా ఉన్నారు.

తొమ్మిదేళ్ళలో గుంపులో మొదటి సందేశం రాశాను: "లెక్క సెప్టెంబర్ 12న పెట్టింది. ఆ రోజుకి పుట్టి ఉన్నవాళ్ళే చెల్లుతారు. నిన్న రాత్రి పుట్టినవాళ్ళు వచ్చే ఏడాది చూసుకోండి."

రాజేశం: "సార్ అచ్చం మేడం లెక్కనే తిడుతున్నడు."

22 డిసెంబర్

రామానుజన్ జయంతి. ఇరవై రెండు కాదు. పన్నెండు కాదు. 1887 మూడుతోనే పోతుంది. మూడిట్లో ఒక్కటి కూడా కాదు. మన గుంపులో ఉంటే పచ్చడి దక్కేది కాదు.

26 డిసెంబర్, శుక్రవారం

కింద కారు ఆపి ఆదెప్ప ఫోన్ చేశాడు. "సార్, షబానా ఏందో మాట్లాడల్లంట. ఒకతూరి దిగొస్తారా?" దిగాను. నన్ను చూడగానే టీ తెస్తానని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. ముందే అనుకున్నారు.

షబానా కారు దిగి నిలబడింది.

"సార్, ఒక మాట అడగాల."

"అడుగమ్మా."

"మేడం ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ చేసినాది. ఈ తూరి జవాబు నువ్వేనే పిల్లా, ఎవురికీ చెప్పాకు, కడదాకా వాళ్ళనే ఎదకనీ అనింది. మూడు నెలలు నోరు మూసుకోని కూసున్నా. ఆ పొద్దు నా పేరు పిలుస్తారని కొత్త చీర కట్టుకోని వస్తి. మీరు లేసి నేను అంటిరి."

ఎవరికీ చెప్పకండి అని నాకు చెప్పింది. తనే చెప్పేసింది.

షబానా నా వైపు చూడటం లేదు. "మీది నిజం కాదని గూడా నాకు తెలుసు. మా ఇంట్లో సరైన సంవత్సరం మా ఆయనకొక్కడికే ఉంది, డెబ్బై నాలుగు, సమ్మెలో పుట్టాడు, మా ఆడబిడ్డ చెప్పింది అని మేడమే ఎన్నోసార్లు నవ్వుతా చెప్పినాది. అయినా చప్పట్లు కొడితి. మీరు పెద్దోళ్ళు, ఊరికే అబద్ధం చెప్పరు అనుకుంటి. ఒకటే అడగతా. మేడం నాతో ఎగతాళికి అనిందా?"

రెండు సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. నువ్వు సరిగా వినలేదమ్మా అనొచ్చు. మందుల మత్తులో ఎవరికో చేయబోయి నీకు చేసింది అనొచ్చు. రెండూ అతుకుతాయి. ఈ నెలలో నాకు చెయ్యి తిరిగింది. రెండిట్లో ఏది చెప్పినా స్వర్ణ తప్పు చేయనిదిగా మిగులుతుంది, షబానా వెర్రిదిగా మిగులుతుంది.

"1981 ఏడుతో పోతుందమ్మా."

ఫోన్ తీసింది. వేలితో కొట్టింది. చాలాసేపు చూసింది.

"రెండు వందల ఎనభై మూడు."

"అవును."

"అంటే మేడం..."

"తప్పు చేసింది."

రోడ్డు మీద బస్సు పోయింది. షబానా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది.

"మేడమా! యాభై ఒకటి ప్రైమ్ అన్నెందుకు నన్ను నెల రోజులు సంపినాది సార్! ఫోన్ చేసిన ప్రతిసారీ, ఏం షబానా, మూడు పదిహేళ్ళెంత, అని!"

"నన్ను పెళ్ళయిన కొత్తలో యాభై ఏడు గురించి" అన్నాను. ఎవరికీ చెప్పలేదు ఇది. "మా అత్తగారి ముందు."

ఆదెప్ప టీలు పట్టుకుని వచ్చాడు. "ఏంది సార్, ఇద్దరూ ఇట్ల నగతాండారు?"

"లెక్కలన్నా, నీకెందుకు" అంది షబానా. కళ్ళు తుడుచుకుని, నాతో మెల్లగా అంది: "ఎవురికీ చెప్పను. కానీ నా గెలుపు మీ దగ్గరుంది. వచ్చే శుక్రవారం నుంచి లెక్క మీరే పెట్టల్ల. ఆ ఆర్‌ల అధ్యక్షునికి గుంపు ఇచ్చినారో, పదిహేడు మే కథ మొత్తం మైకులో చెప్తా."

"నాకు లెక్కలు రావు."

"తప్పులు రావా? అవి పెట్టండి. పట్టుకుంటాం."

బెదిరింపు. ఒప్పుకున్నాను.

పైకి వచ్చి ఇది రాస్తున్నాను. తప్పు చేసింది అని బయటికి అన్నాక ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. టీ తాగాం. కాసేపటికి కోపం వచ్చింది, తన మీద, ఇన్నాళ్ళలో మొదటిసారి. అంత తొందరేమిటి. ఒక్క నిమిషం. ప్రతివాడి లెక్కా పట్టుకున్నదానివి. పక్కనే కూర్చుని ఉన్నాను, నన్ను అడిగితే కాలిక్యులేటర్‌లో కొట్టి చెప్పేవాణ్ణి కదా.

ఏడుతో చూసుకోవద్దా, స్వర్ణా.